లైబ్రరీ క్యాటలాగ్‌లో ఎగ్జాక్ట్ మ్యాచ్ సెర్చ్: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో తెలుగు పుస్తకాల కోసం లైబ్రరీలకు వెళ్ళేవాళ్ళు, తెలుగులో పరిశోధన చేస్తున్న విద్యార్థులు, కాలేజీ లైబ్రరీల సిబ్బంది తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో కోహా పేరు ఎక్కువగా వస్తుంది. 2000 సంవత్సరం మొదట్లో న్యూజిలాండ్‌లో వాడకానికి వచ్చిన ఈ ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మన దగ్గర చాలా లైబ్రరీల్లో నడుస్తోంది. మీ లైబ్రరీలో వేరే సాఫ్ట్‌వేర్ ఉన్నా ఇబ్బందులు దాదాపు ఇవే.

"భారతి" అని వెతికితే సుబ్రహ్మణ్య భారతి పుస్తకాలే పేజీలకు పేజీలు వస్తున్నాయి. నాకు కావలసింది భారతి మాసపత్రిక. ఎలా?

చెన్నైలో తెలుగువాళ్ళకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. భారతి 1924లో ఇదే ఊరి నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన సాహిత్య మాసపత్రిక. పేరు ఒక్క మాటే. అదే మాట తమిళ మహాకవి పేరులోనూ ఉంది. ఆయన రాసినవి, ఆయన మీద రాసినవి, కోయంబత్తూరులోని భారతియార్ యూనివర్సిటీ ప్రచురణలు, ఇవన్నీ ఒకే క్యాటలాగ్‌లో ఉంటాయి.

మామూలు సెర్చ్ బాక్స్ చేసేది కీవర్డ్ సెర్చ్. అది పుస్తకం పేరులోనే కాదు, రచయిత, విషయం, ప్రచురణకర్త, నోట్స్, ఇలా రికార్డు మొత్తంలో ఆ మాట ఎక్కడున్నా పట్టుకొస్తుంది. పైగా చాలా చోట్ల మాట చివర మిగతా అక్షరాలు ఏవైనా ఉండొచ్చన్నట్టు సాఫ్ట్‌వేర్ తనంతట తానే కలుపుకుంటుంది. కోహాలో దీన్ని క్వెరీ ఆటో ట్రంకేట్ అంటారు. రోమన్ లిపిలో భారతి అని కొడితే భారతీయ విద్య, భారతీయ సంగీతం, భారతీయ తత్వశాస్త్రం అన్నీ వచ్చి చేరేది దీనివల్లే. తెలుగు లిపిలో కొడితే ఆ బెడద కొంచెం తక్కువ. "తి"లోని గుడి, "తీ"లోని గుడిదీర్ఘం వేర్వేరు గుర్తులు కాబట్టి "భారతి" అన్న మాట "భారతీయ"కు అంటుకోదు. కానీ "భారత" వరకే కొట్టారా, భారతదేశం మొత్తం వచ్చేస్తుంది.

అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్ళి, వెతికే చోటు "టైటిల్" అని మార్చండి. మెటీరియల్ రకంలో పత్రికలు ఎంచుకోండి. చాలాసార్లు ఈ రెండిటితోనే పని జరిగిపోతుంది. పేరు మొత్తం "భారతి" ఒక్కటే అయినవి మాత్రమే కావాలంటే ఎగ్జాక్ట్ మ్యాచ్ తప్ప వేరే దారి లేదు. ఒంటి మాట పేర్లున్న పత్రికల కోసం వెతికేవాళ్ళకు ఇది అవసరం. దీన్ని అదనపు సౌకర్యం అనుకుని మెనూ అడుగున దాచేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

కీవర్డ్, ఫ్రేజ్, "దీనితో మొదలయ్యేవి", ఎగ్జాక్ట్: ఇవన్నీ ఒకటే కాదా?

కాదు. "ఆంధ్ర పత్రిక" అన్న రెండు మాటలు తీసుకోండి. కీవర్డ్‌లో వెతికితే రెండు మాటలూ రికార్డులో ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, ఒకటి పేరులో, ఇంకొకటి నోట్‌లో ఉన్నా వస్తుంది. ఫ్రేజ్‌లో వెతికితే రెండూ అదే వరుసలో పక్కపక్కనే ఉండాలి, కానీ ముందూ వెనకా ఇంకేమైనా ఉండొచ్చు. "దీనితో మొదలయ్యేవి" అంటే పేరు ఈ మాటలతోనే మొదలవ్వాలి. అప్పుడు ఆంధ్ర పత్రిక ఉగాది సంచికలు కూడా వస్తాయి. ఎగ్జాక్ట్ అంటే పేరు ఇంతే, ముందూ లేదు వెనకా లేదు.

లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జెడ్39.50 ప్రమాణంలో ఈ తేడాలకు వేర్వేరు అంకెలు ఎప్పటినుంచో ఉన్నాయి. మాట ఫీల్డ్ (రికార్డులో పేరు, రచయిత లాంటి ఒక్కో వివరం ఉండే గడి) మొదట్లో ఉండాలా ఎక్కడైనా ఉండొచ్చా అన్నది ఒక గుర్తు, ఫీల్డ్ మొత్తం అదే కావాలా అన్నది ఇంకో గుర్తు. అంటే లోపల ఇంజిన్‌కు ఈ నాలుగూ తెలుసు. తెర మీద చదివేవాడికి చెప్పకపోవడంలోనే ఉంది లోపమంతా.

కోహాలో ఎగ్జాక్ట్ మ్యాచ్ ఎక్కడుంది? నాకు కనిపించడం లేదు.

మీకే కాదు, చాలామందికి కనిపించదు. అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీలో "మోర్ ఆప్షన్స్" నొక్కితే జాబితా పొడవవుతుంది. అప్పుడు "టైటిల్ యాజ్ ఫ్రేజ్", "సబ్జెక్ట్ యాజ్ ఫ్రేజ్" లాంటివి వస్తాయి. ఇవి ఫ్రేజ్ సెర్చ్‌లు, పైన చెప్పిన ఎగ్జాక్ట్ కాదు. పేరు మొత్తం సరిపోవాలంటే సెర్చ్ బాక్స్‌లో కమాండ్ టైప్ చేయాలి: ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైటిల్‌కు గుర్తయిన టీఐ, తర్వాత కామా, తర్వాత ఈఎక్స్‌టీ, ఆపైన కోలన్ పెట్టి పుస్తకం పేరు. ఈ గుర్తుల మధ్యలో ఖాళీలు వద్దు. జీబ్రా అనే సెర్చ్ ఇంజిన్‌తో నడిచే కోహాలో ఇది పనిచేస్తుంది.

పనిచేస్తుంది సరే, రీడింగ్ రూమ్‌కు వచ్చిన పెద్దాయనకు ఈ కమాండ్ ఎవరు చెప్తారు? ఎవర్‌గ్రీన్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో చాలా నయం. అందులో అడ్వాన్స్‌డ్ సెర్చ్ వరుసలోనే "ఈ మాటలున్నవి", "ఈ ఫ్రేజ్ ఉన్నవి", "దీనితో మొదలయ్యేవి", "సరిగ్గా ఇదే" అన్న అర్థం వచ్చే ఎంపికలు పక్కపక్కనే ఉంటాయి. తేడా ఏమిటో చదవగానే తెలిసిపోతుంది.

కొటేషన్ మార్కుల మధ్య పెడితే చాలదా? గూగుల్‌లో అలాగే చేస్తాం కదా.

కొటేషన్ మార్కులు పెడితే వచ్చేది ఫ్రేజ్ సెర్చ్. "భారతి" లాంటి ఒక్క మాటకు దానివల్ల పెద్ద ఉపయోగం ఉండదు. ఇంకో సంగతి, కొన్ని ఫోన్లు నిలువు కొటేషన్ మార్కులను వాటంతటవే వంపు మార్కులుగా మార్చేస్తాయి. వంపు మార్కులను గుర్తుపట్టని క్యాటలాగ్‌లు ఉన్నాయి. ఫోన్‌లో ఒక ఫలితం, కంప్యూటర్‌లో ఇంకో ఫలితం వస్తుంటే ముందు దీన్ని అనుమానించండి.

పుస్తకం బీరువాలో ఉంది, కళ్ళతో చూశాను. పేరు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశాను. అయినా ఎగ్జాక్ట్‌లో సున్నా ఫలితాలు. ఎందుకు?

ఇక్కడ రెండు రకాల తేడాలున్నాయి. ఒకటి కంటికి కనిపించనిది, రెండోది కనిపించేది. రెండిటికీ మందు వేరు.

కనిపించనిదానికి మన ఊరి పేరే చూడండి. "చెన్నై" అన్న మాట చివర ఐత్వం ఉంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే ప్రమాణంలో, ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు. లేదా పైన ఎత్వం, కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా కూడా దాచవచ్చు. ఆ ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, తెర మీదా ఒకేలా కనిపిస్తాయి. కానీ గుర్తులను ఒక పద్ధతికి తేకుండా పోల్చే సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. చెన్నై తెలుగువాళ్ళ మీద వచ్చిన పుస్తకం చెన్నైలోనే దొరకకపోతే మనిషికి ఎంత విసుగొస్తుంది!

రెండో ఉదాహరణ "సాఫ్ట్‌వేర్" అన్న మాట. "ట్", "వే" ఒత్తుగా కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. రికార్డులో ఆ గుర్తు ఉండి, మీరు టైప్ చేసినదాంట్లో లేకపోతే ఎగ్జాక్ట్ తప్పుతుంది. పేరు చివర పొరపాటున పడ్డ ఖాళీ, మధ్యలో రెండు ఖాళీలు, చివర చుక్క, ఇవన్నీ ఈ కోవలోవే. వీటికి చదివేవాడి బాధ్యత ఏమీ లేదు. కంటికి ఒకేలా కనిపించేవి యంత్రానికీ ఒకేలా ఉండేట్టు చూడాల్సింది సాఫ్ట్‌వేర్. ఇండెక్స్ (వెతకడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే సూచిక) చేసేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండుచోట్లా ఒకే శుద్ధి జరగాలి. ఒకచోటే జరిగితే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇక కనిపించే తేడాలు. గ్రంథము, గ్రంథం, గ్రన్థము, పొరపాటున గ్రంధం. నాలుగూ క్యాటలాగ్‌లలో ఉంటాయి. పాత మద్రాసు ముద్రణల్లో చివర "ము", బండి ఱ, అరసున్న ఉంటాయి. మనం ఇప్పుడు టైప్ చేసేది సున్నతో, మామూలు రతో. సంధి వల్ల వచ్చే చిక్కు ఇంకా పెద్దది. శ్రీమదాంధ్ర మహాభారతము అన్న పేరును "ఆంధ్ర మహాభారతం" అని ఎగ్జాక్ట్‌లో వెతికితే రాదు, "ఆంధ్ర" అని కీవర్డ్‌లో వెతికినా రాదు. ఎందుకంటే ఆ పేరులో "ఆంధ్ర" అని విడిగా ఉన్న మాటే లేదు, "శ్రీమదాంధ్ర" అంతా ఒకటే మాట.

ఈ రెండో రకాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడదు. ఱ, ర ఒకటే అని, ము, సున్న ఒకటే అని యంత్రానికి గుడ్డిగా చెప్పేస్తే ఎగ్జాక్ట్ అన్న మాటకు అర్థం ఉండదు. ఏ ముద్రణలో పేరు ఎలా అచ్చయిందో చూసేవాళ్ళకు అది అన్యాయం కూడా. మార్క్ రికార్డులో (మార్క్ అంటే లైబ్రరీలు పుస్తక వివరాలను నంబర్లున్న ఫీల్డ్‌లలో రాసుకునే ప్రమాణం) 245 ఫీల్డ్‌లో పుస్తకం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, 246లో జనం వెతికే రూపాలు చేర్చడం సరైన పద్ధతి. శ్రమే, కాదనను. కానీ ఒకసారి చేస్తే ఆ పుస్తకం ఉన్నన్నాళ్ళూ పనికొస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఒక రకంగా, తెలుగులో కొడితే ఇంకో రకంగా వస్తోంది. ఏది నమ్మాలి?

రెండూ వెతకండి. కన్నెమరా లైబ్రరీ 1896 నుంచి ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు అక్కడికి చేరాలి. అంత పెద్ద సంగ్రహాలున్న ఊరు ఇది. ఏ పాత లైబ్రరీలోనైనా తరతరాల సిబ్బంది తలో పద్ధతిలో రాసిన వివరాలు ఉంటాయి. తెలుగు పేర్లను ఒకరు అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు పెట్టి రోమన్‌లో రాస్తారు, ఒకరు అవేవీ లేకుండా రాస్తారు. ఇంకొకరు "త"కు టీ తర్వాత హెచ్ కలుపుతారు, ఇది తమిళనాట బాగా అలవాటు. అక్షరాల మీది గీతలను చాలా ఇంజిన్లు పట్టించుకోకుండా వదిలేస్తాయి గానీ, ఆ హెచ్‌ను మాత్రం సాధారణంగా వదలవు.

సిబ్బందికి ఒక మాట. మూల లిపిలో పేరు రాయడానికి మార్క్‌లో 880 ఫీల్డ్ ఉంది. అందులో తెలుగు పేరు ఎక్కించినంత మాత్రాన పని అయిపోదు. అది మీ టైటిల్ ఇండెక్స్‌లో చేరుతోందో లేదో ఒక పుస్తకం పేరు టైటిల్‌లో వెతికి సరిచూసుకోండి. రికార్డులో కనిపిస్తూ వెతికితే దొరకని తెలుగు పేర్లకు తరచుగా కారణం ఇదే.

"ది హిందూ" పేపర్ పాత సంపుటాలు కావాలి. "హిందూ" అని కొడితే మతం పుస్తకాలు వస్తున్నాయి.

1878లో ఇక్కడే మొదలైన పత్రిక పేరుకు ముందున్న "ది" చిన్న మాటే, కానీ ఎగ్జాక్ట్‌లో అదే కీలకం. మార్క్‌లో 245 ఫీల్డ్ రెండో ఇండికేటర్ ఉంటుంది. వరుసలో పెట్టేటప్పుడు మొదట ఎన్ని అక్షరాలు వదిలేయాలో అది చెబుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో "ది"కి మూడక్షరాలు, తర్వాతి ఖాళీతో కలిపి అక్కడ 4 ఉంటుంది. దాన్నిబట్టి కొన్ని క్యాటలాగ్‌లు వెతికేటప్పుడు కూడా "ది"ని వదిలేస్తాయి, కొన్ని వదలవు. అందుకని "ది"తో ఒకసారి, లేకుండా ఒకసారి ఎగ్జాక్ట్‌లో వెతకండి. చదివేవాళ్ళకు ఈ పరీక్ష పెట్టకుండా రెండు రూపాలూ పనిచేసేట్టు ఇండెక్స్ చేయడం ఉత్తమం.

రచయిత పేరుతో ఎగ్జాక్ట్ వాడొచ్చా?

వద్దంటాను. మన పేర్లకు అది నప్పదు. కాశీనాథుని నాగేశ్వరరావు, నాగేశ్వరరావు కామా కాశీనాథుని, నాగేశ్వరరావు పంతులు, కె. నాగేశ్వరరావు: ఏ రూపంలో ఎక్కించారో మీకెలా తెలుస్తుంది? ఇంటిపేరు ముందా వెనకా అన్నదాంట్లోనే సగం మంది ఓడిపోతారు. మామూలు కీవర్డ్‌లో ఆ రచయిత పుస్తకం ఒకటి పట్టుకుని, ఆ రికార్డులో రచయిత పేరు మీద నొక్కండి. లైబ్రరీ అథారిటీ రికార్డులు (ఒక రచయిత పేరుకు ఒకే ప్రామాణిక రూపం నిర్ణయించి పెట్టే రికార్డులు) సరిగ్గా పెట్టుకుని ఉంటే ఆయన పుస్తకాలన్నీ ఒకచోటికి వస్తాయి. పేరులోని మిగతా రూపాలను అథారిటీ రికార్డులో 400 ఫీల్డ్‌లో చేర్చాల్సింది లైబ్రరీ వాళ్ళే.

విషయం లింక్ నొక్కితే సంబంధం లేనివి కూడా ఎందుకు వస్తాయి?

లింక్ మీద రాసి ఉన్నది "తెలుగు సాహిత్యం" అయినా లోపల జరిగేది మాటల సెర్చ్ కావచ్చు. కోహాలో ట్రేస్ కంప్లీట్ సబ్‌ఫీల్డ్స్ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే ఆ సబ్‌ఫీల్డ్ మొత్తం సరిపోయినవే వస్తాయి. లింక్ నొక్కినవాడు అడిగేది సరిగ్గా అదే విషయం కాబట్టి ఇక్కడ ఎగ్జాక్ట్ ఉండటమే సబబు.

ఐఎస్‌బీఎన్ నంబర్‌తో వెతికితే సరిపోతుంది కదా?

కొత్త పుస్తకాలకు అదే సులువు. 2007 నుంచి 13 అంకెల నంబర్లు వచ్చాయి, అంతకు ముందువి 10 అంకెలవి. హైఫన్లు ఉన్నా లేకపోయినా, 10 అయినా 13 అయినా దొరకాలంటే కోహాలో సెర్చ్ విత్ ఐఎస్‌బీఎన్ వేరియేషన్స్ ఆన్ చేయాలి. పాత తెలుగు పుస్తకాలకు ఈ నంబరే ఉండదు.

మేం కాలేజీ లైబ్రరీ సిబ్బంది. ఏ సెట్టింగ్‌లు చూడాలి?

ముందు మూడు చూడండి: క్వెరీ ఆటో ట్రంకేట్, క్వెరీ ఫజ్జీ, క్వెరీ స్టెమ్మింగ్. మొదటిది మాట చివర పొడిగిస్తుంది, రెండోది దగ్గరి స్పెల్లింగులు కలుపుతుంది, మూడోది మాట మూలాన్ని పట్టి వెతుకుతుంది. ఇవన్నీ ఆన్‌లో పెట్టి, ఫలితాలు ఎక్కువ వస్తున్నాయని బాధపడటంలో అర్థం లేదు. తెలుగు సంగ్రహం ఉన్నవాళ్ళు ఫజ్జీ, స్టెమ్మింగ్ ఆపేసి చూడండి. ట్రంకేషన్‌ను స్టార్ గుర్తు పెట్టినప్పుడే పనిచేసేలా మార్చండి.

తర్వాత ఐసీయూ, అంటే యూనికోడ్ లిపులను సరిగ్గా చదివే సాఫ్ట్‌వేర్ భాగం. జీబ్రాతో తెలుగు లాంటి లిపులు సరిగ్గా ఇండెక్స్ కావాలంటే ఐసీయూ పద్ధతి పెట్టుకోవాలి. కోహాలో యూజ్ ఐసీయూ (కొత్త వెర్షన్లలో యూజ్ ఐసీయూ స్టైల్ కోట్స్) అన్న సెట్టింగ్ ఉంది కదా అని అది ఆన్ చేసి ఊరుకోకండి. ఆ సెట్టింగ్ ఇండెక్సింగ్‌ను మార్చదు. సర్వర్‌లో ఐసీయూ పెట్టామన్న సంగతి కోహాకు తెలియజేస్తుంది, అంతే. అసలు మార్పు సర్వర్‌లో చేసి, రికార్డులన్నీ మళ్ళీ ఇండెక్స్ చేయించాలి. పెద్ద లైబ్రరీ అయితే సెలవు రోజున పెట్టుకోండి.

ఎగ్జాక్ట్ మ్యాచ్‌నే డీఫాల్ట్ చేసేస్తే గొడవ వదిలిపోతుందిగా?

వద్దు, దయచేసి వద్దు. పుస్తకం పేరు పూర్తిగా గుర్తున్నవాళ్ళు తక్కువ. సగం పేరుతో, ఒక్క మాటతో వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు సున్నా చూపిస్తే పుస్తకం లేదనుకుని వెళ్ళిపోతారు. మద్రాస్ యూనివర్సిటీ లైబ్రరీకి 1924లో మొదటి లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన లైబ్రరీ శాస్త్ర పంచ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. ఈ ఊరిలో పుట్టిన ఆ సూత్రాన్ని ఈ ఊరి క్యాటలాగ్‌లు పాటించాలని అడగడం న్యాయమే.

కీవర్డ్‌నే డీఫాల్ట్‌గా ఉంచి, పేరు సరిగ్గా సరిపోయినవి అన్నిటికంటే పైన వచ్చేట్టు చేయడం మంచిది. కోహాలో క్వెరీ వెయిట్ ఫీల్డ్స్ చేసేది ఇదే: టైటిల్ మొత్తం సరిపోతే ఎక్కువ బరువు, ఫ్రేజ్‌గా సరిపోతే దానికంటే తక్కువ. కానీ ఫలితాల క్రమం రెలెవెన్స్ (అడిగినదానికి ఎంత దగ్గరో) మీద ఉన్నప్పుడే ఆ ఫలం దక్కుతుంది. చాలా లైబ్రరీలు కొత్త పుస్తకాలు ముందు కనిపించాలని డీఫాల్ట్ క్రమాన్ని తేదీ మీద పెడతాయి. అప్పుడు 1924 నాటి పత్రిక ఎక్కడో చివరి పేజీకి పోతుంది.

తెర మీద ఈ ఆప్షన్ ఎలా ఉంటే బాగుంటుంది?

సెర్చ్ బాక్స్ పక్కనే ఉండాలి, ఇంకో పేజీలో కాదు. పేరు చదివేవాళ్ళ మాటల్లో ఉండాలి: "పేరు మొత్తం ఇదే", "పేరు దీనితో మొదలవుతుంది", "ఈ మాటలు ఎక్కడున్నా". ఫలితాల పేజీలో కూడా ఏ పద్ధతిలో వెతికారో కనిపిస్తూ ఉండాలి. ఒకసారి ఎగ్జాక్ట్ ఎంచుకున్నాక తర్వాతి సెర్చ్‌కు అది చడీచప్పుడు లేకుండా కొనసాగితే, మనిషి ఆ సంగతి మరచిపోయి పుస్తకాలే లేవనుకుంటాడు. చెప్పకుండా పోయినా ఇబ్బందే.

అన్నిటికంటే ముఖ్యం సున్నా వచ్చినప్పటి తెర. "ఏమీ దొరకలేదు" అని ఆగిపోకూడదు. "సరిగ్గా ఈ పేరుతో లేదు. ఈ పేరుతో మొదలయ్యేవి ఉన్నాయి, చూడండి" అని లింక్ ఇవ్వాలి. అదీ లేకపోతే ఫ్రేజ్, అదీ లేకపోతే కీవర్డ్. సెర్చ్‌ను మాత్రం చెప్పకుండా వదులు చేయకూడదు. ఎగ్జాక్ట్ అడిగినవాడికి కీవర్డ్ ఫలితాలు ఎగ్జాక్ట్ పేరుతో చూపిస్తే ఇక ఆ ఆప్షన్‌ను ఎవరూ నమ్మరు.

నా సెర్చ్ పనిచేయడం లేదని లైబ్రరీకి ఎలా రాయాలి?

మీరు టైప్ చేసిన పేరును కాపీ చేసి మెయిల్‌లో అతికించండి. స్క్రీన్ ఫోటో ఒక్కటే పంపితే చాలదు, కనిపించని గుర్తులు ఫోటోలో పోతాయి. ఏ ఆప్షన్ ఎంచుకున్నారో, ఫోనో కంప్యూటరో, ఏ కీబోర్డుతో టైప్ చేశారో రాయండి. పుస్తకం బీరువాలో చూసి ఉంటే కాల్ నంబర్ గానీ, లోపల అంటించిన బార్‌కోడ్ నంబర్ గానీ ఇవ్వండి. దానితో సిబ్బంది నేరుగా ఆ రికార్డు తెరిచి, అందులోని పేరును మీరు పంపిన పేరుతో పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతారు.